చక్రపు నట్టుకు ఎంత బిగువు?
టార్కు రెంచి కొనదలచిన రైతులకు నాలుగు మాటలు

వ్యవసాయాధికారి, బి.యస్సి. (వ్యవసాయం), ముదినేపల్లి



ఎరువు వేయునపుడు మనము కొలిచి వేయుదుము. పురుగు మందును మూతతో కొలిచి నీటిలో కలుపుదుము. ధాన్యము అమ్మునపుడు తేమ శాతము చూడనిదే బస్తా కాటా ఎక్కదు. ఇన్నింటిని కొలుచు మనము, లక్షలు పోసి కొన్న ట్రాక్టరు చక్రమును మాత్రము కొలత లేకుండ బిగించుచున్నాము. పానాకు ఇనుప గొట్టము తొడిగి, దానిమీద కాలు పెట్టి తొక్కి, ‘ఇక చాలు’ అని తోచినపుడు దిగుచున్నాము. ఇంటి ముందున్న కారు చక్రమునకును ఇదే మర్యాద జరుగుచున్నది.

ఈ అలవాటును మానవలెనని నా మనవి. నట్టును ఎంత బిగించినదియు కొలిచి చెప్పు పానా ఒకటి గలదు. దానిని టార్కు రెంచి అందురు. కారు గల ఇంట ఒకటి, ట్రాక్టర్లు అద్దెకిచ్చు ప్రతి సంఘములో ఒకటి ఉండవలెనని నా అభిప్రాయము. అయితే కనబడినదెల్ల కొనిన లాభము లేదు. తగని రెంచి అసలు లేనిదానికన్న కీడు చేయును. రెంచి లేనివాడు అనుమానముతో రెండు మారులు చూచుకొనును. తప్పు రెంచి ఉన్నవాడు దానిని నమ్మి మోసపోవును.

దమ్ము మధ్యలో తెగిన స్టడ్డులు

మన ప్రాంతమునకు ఈ విషయము ముఖ్యమగుటకు ఒక కారణము గలదు. కోస్తా నల్లరేగడిలో దమ్ము చేయుటకు ట్రాక్టరుకు ఇనుప చక్రములు కావలెను. ఆ చక్రములతో తారు రోడ్డు ఎక్కినచో రోడ్డు పాడగును, జరిమానాయు పడును. గావున నియమము పాటించు రైతు టైర్లతో గట్టు వరకు వచ్చి, అచట టైర్లు విప్పి ఇనుప చక్రములు తగిలించును. పని ముగిసిన పిదప మరల టైర్లు వేయును. మెట్ట ప్రాంతపు ట్రాక్టరుకు ఏడాదికి ఒకసారి కూడ విప్పని నట్లను మన డెల్టా ట్రాక్టరుకు ఒక్క సార్వాలోనే ఎన్నో మారులు విప్పి బిగించుచున్నాము. అదియు బురదలో, తొందరలో, సాయంకాలపు మసక చీకటిలో.

2023 సార్వాలో మా మండలములో ఒక రైతు పొలమునకు వెళ్లితిని. దమ్ము సగములో ట్రాక్టరు ఆగియున్నది. వెనుక చక్రపు స్టడ్డులు రెండు తెగినవి. మిగిలినవి వదులై, చక్రపు రేకునకు గల గుండ్రని రంధ్రములు కోడిగ్రుడ్డువలె సాగినవి. డ్రైవరు కుర్రవాడు తల వంచుకొని నిలుచుండెను. “నేను వదులుగా బిగించలేదండీ. గొట్టం వేసి మరీ తొక్కానండీ” అని ప్రమాణము చేయుచుండెను. అతడు చెప్పినది నిజమే. చెరుపు చేసినది ఆ తొక్కుడే. శక్తికి మించి సాగిన స్టడ్డు మొదట తెగినది. దాని భారము పక్కదానిపై పడి అదియు తెగినది.

గుడివాడ నుండి కొత్త స్టడ్డులు, రేకు తెచ్చి అమర్చుసరికి మూడు రోజులు పట్టినది. ఆ పొలము కాలువ శివారున గలది. అతని నీటి వంతు దాటిపోయినది. నారు ముదిరినది. విడి భాగముల ఖర్చుకన్న ఆ నష్టమే ఎక్కువని ఆ రైతు నాతో అనెను. అయినను అతడు అదృష్టవంతుడనియే చెప్పవలెను. అదే చక్రము ధాన్యపు ట్రక్కును లాగుచు కాలువ గట్టుమీద ఊడియున్నచో ఏమగునో మీరే ఊహింపగలరు.

బిగువు అనగా ఏమి?

గడ్డిబండికి మోకు బిగించుట మీకందరకు తెలిసినదే. మోకు వదులైనచో గడ్డి జారును. మితి మీరి బిగించినచో మోకు తెగును. రెంటికి నడుమ బిగిసిన మోకు మాత్రమే సాగి, తన సాగుడు బలముతో గడ్డిని పట్టియుంచును. నట్టు బిగించినపుడు ఇనుప బోల్టు కూడ కంటికి కనబడనంత సాగి, చక్రమును అదిమి పట్టుచున్నది. తక్కువ సాగినచో చక్రము కదలును. ఎక్కువ సాగినచో బోల్టు మరల తన పూర్వపు పొడవునకు రాక, నీరసించి, ఏదో ఒకనాడు తెగును.

ఈ తిప్పుడు బలమునకు టార్కు అని పేరు. మనము వేయు బరువును పానా పొడవుతో హెచ్చించిన అది వచ్చును. అర మీటరు పానా కొనను 20 కిలోల బరువుతో లాగినచో 10 కిలో మీటర్లు, అనగా సుమారు 98 న్యూటను మీటర్లు. చిన్న కార్ల చక్రపు నట్లకు తయారీదారులు చెప్పు అంకె సాధారణముగా 85 మొదలు 120 న్యూటను మీటర్ల లోపల నుండును. ఇపుడు 60 కిలోల మనిషి మీటరు పొడవు గొట్టము చివర నిలుచున్నచో ఎంతయగునో లెక్క వేయుడు. దాదాపు 590 న్యూటను మీటర్లు! కారు నట్టు కోరినదానికి అది అయిదారు రెట్లు.

ఈ కొలత అవసరము మనకే వచ్చినది కాదు. న్యూయార్కు నగరపు నీటి సరఫరా శాఖలో పనిచేసిన కాన్రాడ్ బార్ అనునతడు, భూమిలోని పెద్ద గొట్టముల బోల్టులు అతిగా బిగించుటచే తెగుచుండుట చూచి, 1918లో ఇట్టి పానాను చేసెనని చెప్పుదురు. గొట్టము తొడిగి తొక్కు బుద్ధి అన్ని దేశములలోను గలదన్నమాట.

ముందు అంకె, తరువాత రెంచి

అంగడికి పోయి “మంచి టార్కు రెంచి ఉందా?” అని అడుగుట పొరపాటు. మంచి చెప్పుల జత అడుగువాడు ముందు తన పాదము కొలత తెలిసికొనవలెను గదా! మొదట మీ బండితో వచ్చిన పుస్తకము తీసి, చక్రపు నట్లకు ఎంత టార్కు వ్రాసినారో చూడవలెను. పుస్తకము పోయినచో ఆ కంపెనీ డీలరును అడిగి, మీ మోడలుకు చెందిన అంకెనే వ్రాయించుకొనవలెను. పొరుగువాని ట్రాక్టరు అంకె మీకు పనికిరాదు. ముందు చక్రము అంకె వేరు, వెనుక చక్రము అంకె వేరు. చాల ట్రాక్టర్లలో వెనుక చక్రపు అంకె 200 న్యూటను మీటర్లు దాటియుండును.

అంకె తెలిసిన పిదప ఈ క్రింది విషయములు గమనింపవలెను.

1. హద్దులు: ప్రతి రెంచిమీద ఇంత నుండి ఇంత వరకు అని వ్రాసియుండును. మీకు కావలసిన అంకె ఆ రెంటికి మధ్య భాగమున పడవలెను. 40 నుండి 200 వరకు కొలుచు అర అంగుళపు రెంచి కారుకు చక్కగా సరిపోవును. అదే రెంచితో ట్రాక్టరు వెనుక చక్రము బిగింపజూచుట, అయిదు కిలోల త్రాసులో ధాన్యపు బస్తా తూచుటవంటిది. ట్రాక్టరుకు 100 నుండి 500 వరకు కొలుచు ముప్పాతిక అంగుళపు పెద్ద రెంచి కావలెను. కారుకు, ట్రాక్టరుకు ఒకటే చాలునని అంగడివారు చెప్పినచో నమ్మరాదు.

2. రకము: ఇవి ముఖ్యముగా మూడు విధములు. మొదటిది ముల్లు కదలి అంకె చూపునది. ఇందులో చెడిపోవు భాగములు దాదాపు లేవు. కాని ముల్లును నిటారుగా చూడనిచో అంకె తప్పు కనబడును, గట్టు క్రింద వంగి బురదలో చూచుట కష్టము. రెండవది, పిడి త్రిప్పి అంకె పెట్టుకొనిన, ఆ బిగువు రాగానే ‘టిక్కు’మని చేతికి తెలియజేయునది. మూడవది బ్యాటరీతో అంకెలు వెలుగునది. ఏడాదికి నాలుగుసార్లు తీయు వస్తువునకు బ్యాటరీ కావలసిన రకము మన తేమ గాలికి తగదని నా నమ్మకము. చక్రముల పనికి ‘టిక్కు’ రకమే మేలు.

3. అంకెల భాష: కొన్ని రెంచీలమీద న్యూటను మీటర్లు, కొన్నింటిమీద అడుగు పౌనులు, కొన్నింటిమీద కిలో మీటర్లు ఉండును. రెండేసి వరుసలు గలవియు గలవు. పుస్తకములో 85 న్యూటను మీటర్లని యుండగా, మీరు అడుగు పౌనుల వరుసలో 85 పెట్టినచో అది 115 న్యూటను మీటర్లగును. మూడవ వంతుకు పైగా ఎక్కువ! గావున న్యూటను మీటర్ల వరుస స్పష్టముగా, చెరగకుండ చెక్కియున్న రెంచిని ఎన్నుకొనవలెను. రంగుతో అచ్చు వేసిన అంకెలు నూనె చేతులకు త్వరలో మాసిపోవును.

4. పొడవు: 300 న్యూటను మీటర్లు బిగించుటకు 60 సెంటీమీటర్ల రెంచిని సుమారు 50 కిలోల బలముతో లాగవలెను. మీటరు పొడవైనచో 30 కిలోలు చాలును. పెద్ద అంకెకు పొడవైన రెంచినే కొనవలెను. పొట్టిది కొని దానికి గొట్టము తొడిగినచో కొలత తప్పును.

5. సాకెట్టు: మీ చక్రపు నట్టు ఒకటి జేబులో వేసికొని పోయి, దానికి వదులు లేకుండ పట్టు ఆరు పలకల సాకెట్టు తీసికొనవలెను. రెంచి ఎంత మంచిదైనను సాకెట్టు జారినచో నట్టు మూలలు అరిగి గుండ్రమగును.

6. పరీక్షా పత్రము: అంతర్జాతీయ ప్రమాణము ఐ.యస్.ఓ. 6789 ప్రకారము ఇట్టి ‘టిక్కు’ రెంచీలు, 10 న్యూటను మీటర్లకు పైబడిన కొలతలలో, నూటికి 4 కన్న ఎక్కువ తప్పు చూపరాదు. ఆ ప్రమాణము పేరు, రెంచి నెంబరు గల పత్రము పెట్టెలో ఉన్నదేమో చూడవలెను. కారుకు తగిన రెంచి రెండు మూడు వేల రూపాయల నుండి దొరకుచున్నది. పత్రము లేని చవక వస్తువునకు అందులో సగము పెట్టుటకన్న ఆ డబ్బు దాచుకొనుట మంచిది.

ఇంటివద్ద పరీక్ష

రెంచి నిజము చెప్పుచున్నదో లేదో మీరే చూచుకొనవచ్చును. రెంచి తలను బలమైన పట్టుకర్రలో బిగించి, పిడిని నేలకు సమముగా ఉంచవలెను. తల నడుమ నుండి పిడి నడుమకు దూరము కొలువవలెను. అది 45 సెంటీమీటర్లు అయినదనుకొనుడు. పిడి నడుమన 20 కిలోల తూకపు రాయి వ్రేలాడగట్టినచో సుమారు 88 న్యూటను మీటర్లగును. రెంచి సొంత బరువు వలన మరి రెండు మూడు కలియును. ఇపుడు రెంచిని 80కి పెట్టిన టిక్కుమనవలెను, 100కి పెట్టిన అనరాదు. ఇట్లు కానిచో దానిని సరిచేయించవలెను. ఇది ముతక పరీక్షయే. ఏడాదికి ఒకసారి, లేక అయిదు వేల బిగింపులకు ఒకసారి యంత్రముమీద సరిచూపించుట పద్ధతి.

మంచి రెంచితో చెడ్డ పని

ఇచట నా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. 2022 షష్ఠి తీర్థమునకు సింగరాయపాలెం వెళ్లి వచ్చుచుండగా నా కారు చక్రము పంక్చరయినది. అంతకు ముందు ఒక దుకాణములో గాలి యంత్రముతో బిగించిన నట్లు అవి. ఇంటివారిని రోడ్డు ప్రక్కన నిలబెట్టి, పానామీద ఎక్కి తొక్కినను కదలలేదు. పానా జారి నా మోకాలి చిప్ప చీరుకొనినది. ఆ వారమే టార్కు రెంచి కొంటిని. ఇక నాకు లోటు లేదనుకొని, తుప్పు పట్టిన మరియొక నట్టును ఆ రెంచితోనే విప్పబోతిని. లోపలి స్ప్రింగు పట్టు తప్పి, అది అటుపిమ్మట ఏ అంకె పెట్టినను ఒకే రీతిగా టిక్కుమన సాగినది. బి.యస్సి. చదివిన నేనే ఇట్లు చేసితిని. మీరు చేయకుందురని వ్రాయుచున్నాను. టార్కు రెంచి బిగించుటకే గాని విప్పుటకు కాదు. విప్పుటకు మామూలు పానా వాడవలెను.

మిగిలిన జాగ్రత్తలు ఇవి:

చక్రపు రేకుకు, హబ్బుకు నడుమ బురద లేకుండ గుడ్డతో తుడువవలెను. మన నల్లమట్టి నడుమ చిక్కినచో అప్పటికి బిగువు సరిగానే తోచును. మట్టి నలిగి జారిన పిదప నట్టు వదులగును. డెల్టాలో చక్రములు వదులగుటకు సగము కారణము ఇదియే యని నేను తలచుచున్నాను.

మరలకు నూనెగాని, గ్రీజుగాని పూయరాదు. మనము వేయు బలములో నూటికి తొంబది పాళ్లు రాపిడికే పోవును. బోల్టును సాగదీయునది పది పాళ్లు మాత్రమే. నూనె రాపిడిని తగ్గించుట వలన అదే అంకెకు బోల్టు అతిగా సాగును. పుస్తకములో పూయుమని యున్నచో మాత్రమే పూయవలెను.

మొదట అన్ని నట్లను చేతితో మరల వెంట ఎక్కించి, మామూలు పానాతో ఆనించవలెను. పిదప జాకీ దింపి, చక్రము నేలకు తాకిన తరువాత రెంచితో బిగించవలెను. ఒక నట్టు తరువాత దాని ప్రక్కది కాక, ఎదుటిది బిగించవలెను. మెత్తని గట్టుమీద జాకీ క్రింద చెక్క వేయుట మరువరాదు.

‘టిక్కు’ వినబడగానే ఆపవలెను. ‘ఇంకొక్కటి’ అని లాగినచో కొలిచిన పుణ్యము పోవును.

మొదటి గంట పని తరువాత ట్రాక్టరు నట్లను, మొదటి 50 మొదలు 100 కిలోమీటర్ల లోపల కారు నట్లను మరల చూడవలెను. సరియైన బిగువు వచ్చిన పిదప నట్టుమీదుగా రేకుమీదికి ఒక తెల్ల గీత గీయుడు. గీత విరిగి కనబడినచో నట్టు తిరిగినదని చదువురాని డ్రైవరు కూడ కనుగొనును.

పని ముగిసిన పిదప రెంచిని దాని అతి తక్కువ అంకెకు త్రిప్పి, తుడిచి, పెట్టెలో ఉంచవలెను. ఎక్కువ అంకెమీద వదలినచో స్ప్రింగు అలసిపోవును.

“నా చెయ్యే కొలత” అనువారికి

“ముప్పయి ఏళ్లుగా బిగిస్తున్నాను. నా చెయ్యే నాకు కొలబద్ద ఆఫీసరు గారూ” అని ఒక పెద్ద మెకానిక్కు నాతో అనెను. ఆయన చేతిని నేను తక్కువ చేయను. నారు మడి చూడగానే ఎన్ని రోజులదో చెప్పు రైతు కన్నువంటిదే అదియు. కాని గట్టుమీద చక్రము మార్చునది ఆయన కాదు గదా! ఆ సీజనుకు వచ్చిన కుర్రవాడు. వాని చేతికి ముప్పయి ఏండ్ల అనుభవము లేదు, గొట్టము మాత్రము ఉన్నది. కావలసినచో మీరే చూడుడు. ఒకే నట్టును నలుగురిచేత అలవాటు ప్రకారము బిగింపించి, ప్రతిసారి ముల్లు రెంచితో చూచినచో, నలుగురి చేతులు ఒకే మాట చెప్పవని తెలియును. పెద్ద మెకానిక్కు చేతిలోని విద్యను అంకెగా మార్చి కుర్రవానికి ఇచ్చునదే ఈ రెంచి.

ఖర్చు మాటకు వత్తును. ట్రాక్టరుకు తగిన పెద్ద రెంచి ఖరీదు కారు రెంచికి ఎన్నో రెట్లు. ఒక్క ట్రాక్టరు గల రైతు దానిని సొంతముగా కొనవలెనని నేను చెప్పను. అప్పు చేసి కొని, ఏడాదిలో పది రోజులు వాడి, అటకమీద పడవేయుట దండుగ. అది ఊరికి ఒకటి యున్న చాలును.

గ్రామాధికారులకు మనవి

మన ఊళ్లలో యంత్రములను అద్దెకిచ్చు రైతు సంఘములు గలవు, సహకార పరపతి సంఘములు గలవు. దమ్ము యంత్రములు, పిచికారీ యంత్రములు ఇచ్చుచోటనే ఒక పెద్ద టార్కు రెంచి, నాలుగు సాకెట్లు కూడ ఉంచుట కష్టము కాదు. రెంచిని ఎవరు, ఎన్నడు తీసికొనిరో పుస్తకములో వ్రాయవలెను. పెట్టె మూతకు లోపల ఆ ఊరి ట్రాక్టర్ల మోడళ్లు, వాటి ముందు, వెనుక చక్రముల అంకెలు అంటించవలెను. తిరిగి వచ్చినపుడు స్ప్రింగు వదులు చేసియున్నదో లేదో చూడవలెను. సార్వాకు ముందు ఒక పూట డ్రైవర్లను పిలిచి చేయించి చూపినచో చాలును. ఇంకను లోతుగా నేర్వగోరు యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ గలదు.

రైతు సోదరులకు చివరి మాట. రెంచి ఈ ఏడు కొనగలిగినను కొనలేకపోయినను, ఒక పని మాత్రము రేపే చేయవచ్చును. బండి పుస్తకము తీసి, చక్రపు నట్ల అంకె చూచి, ట్రాక్టరు మడ్డుగార్డు లోపలి వైపున తెల్ల రంగుతో పెద్దదిగా వ్రాయించుడు. కారు అంకెను డిక్కీ మూతకు లోపల వ్రాసి అంటించుడు. దానికి పది రూపాయల ఖర్చు కూడ లేదు. అంకె ఎదుట కనబడుచున్నచో గొట్టము ఎత్తిన చేయి ఒక్క క్షణమైన ఆగును. ఆ ఆగుటయే మొదటి మేలు.